ఏ కాలపు లెక్కకు ఆ కాలపు కొలత



ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము వినినంతనే మీకు వింతగా తోచవచ్చును. కెనడా దేశమునందు మంచుపై ఆడెడు హాకీయాటను గూర్చియు, అందు గోలును కాచువారి లెక్కలను గూర్చియు నేను చెప్పదలచినాను. మంచుగడ్డను సోడా దుకాణమున తప్ప వేరొకచోట చూడని మన పల్లెలకు ఆ యాటతో నేమి పనియని మీరడుగవచ్చును. పని కలదు. వెనుకటివారు గొప్పవారా, నేటివారు గొప్పవారా యను వాదము రచ్చబండమీద జరుగని ఊరు మనలో లేదు. ఆ వాదమునకు అంకెలను సాక్ష్యముగా పిలిచినపుడు ఆ సాక్షి ఎంతవరకు నిజము చెప్పునో, ఎక్కడ మౌనము వహించునో, ఈ యాట చూపినంత స్పష్టముగా వేరొకటి చూపదని నా నమ్మకము.

నేను నలువదియేండ్లు లెక్కల ఉపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. కొన్ని సంవత్సరముల క్రిందట మా అమ్మాయి కాపురముండు తొరంటో నగరమునకు పోయి ఒక శీతకాలము గడిపితిని. పొరుగింట ఎనుబదియేండ్లు దాటిన యొక కెనడా వృద్ధుడుండెను. సాయంకాలములందు ఆయన మా యింటికి వచ్చి టీ పుచ్చుకొని, పదునాలుగేండ్ల మా మనుమనితో హాకీ ముచ్చటలు చెప్పుచుండెడివాడు.

ఒకనాడు వారిరువురికి వాదము పుట్టినది. టెర్రీ సాచుక్ వంటి గోలుకీపరు నేటివరకు పుట్టలేదని వృద్ధుడనెను. అందుకు మా మనుమడు, "తాతగారూ, సాచుక్ గోలు ఈయక కాచిన ఆటలు 103. మార్టిన్ బ్రొడూర్ కాచినవి 125. ఇరువదిరెండు ఎక్కువ. ఇంక వాదమెందులకు?" అనెను. నేనును పంతులుతనము కొలది, "అంకె అబద్ధమాడదు గదా!" అంటిని. ఆ వృద్ధుడు నావైపు తిరిగి, "అయ్యా, మీరు లెక్కలు చెప్పినవారు. అంకె ఎంతయని అడిగితిరి. అది ఏ కాలమున పుట్టినదో అడిగితిరా?" అని, గిన్నెలోని టీ సగము విడిచి వెడలిపోయెను.

ఆ మాట నన్ను నొప్పించినది. నొప్పించుటకు కారణము అది న్యాయమైన మాట యగుటయే. ఆ శీతకాలమంతయు నేను ఆ యాట చరిత్రను, పట్టికలను ముందుంచుకొని కూర్చుంటిని. నాకు తెలిసివచ్చినది మీకు మనవి చేసెదను.

మొదట ఆట యెట్టిదో రెండు మాటలు. రెండు వందల అడుగుల పొడవు, ఎనుబదియైదడుగుల వెడల్పు గల గడ్డకట్టిన మంచునేలపై, కాళ్లకు ఇనుప అంచుల పాదుకలు కట్టుకొని, జట్టుకు ఆరుగురు చొప్పున ఆడుదురు. మన పిల్లలాడు హాకీలోవలె బంతి యుండదు. దానికి బదులు మూడంగుళముల అడ్డము, ఒక అంగుళము మందము గల గట్టి రబ్బరు బిళ్ల యుండును. దాని తూకము సుమారు పదునాలుగు తులములు. బలవంతుడు కర్రతో కొట్టినచో నది గంటకు నూరుమైళ్ల వేగమును సయితము మించును. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల యెత్తు గల గోలు ముందర నిలిచి, ఆ బిళ్లను తన యొడలితో నడ్డగించువాడే గోలుకీపరు. ఆట ఇరువదేసి నిమిషముల చొప్పున మూడు భాగములు, వెరసి అరువది నిమిషములు.

గోలుకీపరు ప్రజ్ఞను కొలుచుటకు వారు ముఖ్యముగా మూడు లెక్కలు వ్రాయుదురు. ఆట మొత్తములో ఒక్క గోలైనను ఈయకున్నచో దానిని షటౌటు అందురు. ఇది మొదటి లెక్క. అరువది నిమిషముల ఆటకు సగటున ఎన్ని గోలులిచ్చెనన్నది రెండవది. తనపైకి వచ్చిన నూరు దెబ్బలలో ఎన్నింటి నాపెనన్నది మూడవది.

ఇక మా యింటి వాదమునకు వత్తము. బ్రొడూర్ 125 షటౌట్లు సంపాదించినది 1266 ఆటలలో. సాచుక్ 103 సంపాదించినది 971 ఆటలలో. భాగించి చూడగా సాచుక్‌కు తొమ్మిదిన్నర ఆటలకు ఒకటి, బ్రొడూర్‌కు పది ఆటలకు పైగా ఒకటి వచ్చినది. అనగా మొత్తము చూచిన బ్రొడూర్ పెద్ద, పాలు చూచిన సాచుక్ పెద్ద. పదియెకరముల రైతు ఐదెకరముల రైతు కంటె ఎక్కువ ధాన్యము కొలిచినంతమాత్రమున మంచి సేద్యగాడు కాడు గదా! ఇది మా మనుమనికి చూపగా వాడు కొంచెము తగ్గెను.

నేను అక్కడనే ఆగియుండిన వృద్ధునిదే గెలుపయ్యెడిది. కాని పట్టికలో మరియొక పేరు నా కంటబడెను. జార్జ్ హేన్స్‌వర్త్ అను నాతడు 465 ఆటలలోనే 94 షటౌట్లు సంపాదించెను. అయిదాటలకు ఒకటి! పాలు మాత్రమే చూచినచో నాతడు తక్కిన యిరువురికి రెట్టింపు గొప్పవాడు కావలెను. 1928-29వ సంవత్సరమున మాంట్రియల్ జట్టు తరపున నాతడు 44 ఆటలాడి 22 ఆటలలో గోలే ఈయలేదు. సగటున ఆటకు 0.92 గోలు మాత్రమే యిచ్చెను. ఒక్క యేట అన్ని షటౌట్లు నేటివరకు మరెవ్వరికిని రాలేదు.

మరి ఆ మరుసటి యేడు 1929-30లో ఆ హేన్స్‌వర్తే సంపాదించిన షటౌట్లు నాలుగు. సగటు 2.42. ఒక్క యేటిలో వానికి చేతులు పడిపోయినవా? చూపు తగ్గినదా? ఏమియు లేదు. మారినది మనిషి కాదు, నియమము.

అంతకుముందు, ఎదిరిపక్షపు గోలు చెంత నున్న భాగములో బిళ్లను తనకంటె ముందున్న తోటివానికి అందించుట నిషిద్ధము. దానిని కర్రతో నడిపించుకొనియే పోవలెను, లేదా ప్రక్కకో వెనుకకో అందింపవలెను. అందుచేత కొట్టువాడెక్కడనుండి వచ్చుచున్నాడో గోలుకీపరు ముందే కనిపెట్టగలిగెడివాడు. గోలులు మిక్కిలి తక్కువై చూచువారికి విసుగు పుట్టగా, 1929-30లో ముందుకందించుటకు అన్నిచోట్ల సెలవిచ్చిరి. అంతవరకు జట్టుకు ఆటకు ఒకటిన్నర కూడ లేని గోలుల సగటు, ఆ యొక్క యేటనే రెట్టింపై మూడింటికి దగ్గరయ్యెను. 1927-28లో అలెక్స్ కానెల్ అనునతడు వరుసగా ఆరు షటౌట్లు సాధించి, 461 నిమిషములపాటు గోలెరుగక నిలిచెను. నియమము మారిన పిమ్మట, డెబ్బదియేండ్లకు పైగా గడచి, 2003-04లో బ్రయన్ బౌచర్ వరుసగా అయిదు ఆటలు కాచి 332 నిమిషములు నిలిచినపుడు, అదియే మహాద్భుతమని చెప్పుకొనిరి. కానెల్ అంకె పెద్దది, బౌచర్ అంకె చిన్నది. ఐనను రెండును ఒకే త్రాసులో వేయదగినవి కావు.

ఇది మన పెద్దలకు క్రొత్త విషయము కాదు. కిలోలు, లీటర్లు రాకమునుపు ఒక ఊరి కుంచము మరియొక ఊరి కుంచముతో సరిపడెడిది కాదు. ఆ దినములలో తెలిసిన వర్తకుడెవడును ఎన్ని కుంచములని మాత్రమే అడిగి ఊరకుండెడివాడు కాడు, ఏ ఊరి కుంచమని కూడ అడిగెడివాడు. అటులనే కరవు యేట పది బస్తాలు పండించిన రైతును, వానలు బాగుగా కురిసిన యేట ఇరువది బస్తాలు పండించినవానికంటె తక్కువవాడని మీరెవ్వరు ననరు. ఆ యేట చుట్టుప్రక్కల చేలు ఎట్లు పండినవో చూచి మరి మాటలాడుదురు.

గోలుకీపర్ల విషయమునను చేయవలసినది అదియే. వాడిచ్చిన గోలుల సగటును, ఆ యేటి జట్లన్నింటి సగటుతో పోల్చి చూడవలెను. జట్లన్నియు సగటున నూరు గోలులిచ్చిన కాలములో వాడెన్ని యిచ్చెనో లెక్కకట్టవలెను. 1928-29లో జట్టు సగటు 1.46, హేన్స్‌వర్త్ 0.92. అనగా నూటికి 63. 1993-94లో బఫెలో జట్టుకు ఆడిన డొమినిక్ హాషెక్ సగటు 1.95. అంకె చూచిన హేన్స్‌వర్త్‌కు రెట్టింపు కంటె ఎక్కువ. కాని ఆ యేటి జట్ల సగటు 3.24. లెక్క కట్టగా నూటికి 60. అరువదియైదేండ్ల యెడముగల ఆ యిరువురు తమ తమ కాలములలో దాదాపు సమానులై, హాషెకే ఒక వీసమెత్తు ముందుండెనని తేలుచున్నది. 0.92 కంటె 1.95 గొప్పదగుట పిల్లలకు వింతయే కాని, కుంచముల సంగతి యెరిగినవారికి వింత కాదు.

ఈ సూత్రము చేతికి చిక్కినందుకు నేను సంతోషించి, ఆ వృద్ధుని యభిమాన వీరుని కూడ దానితో కొలిచితిని. సాచుక్ మిక్కిలి వన్నెకెక్కిన 1951-52లో నాతని సగటు 1.90, జట్ల సగటు 2.60. నూటికి 73. బ్రొడూర్ 1996-97లో 1.88 సగటుతో ఆడెను. ఆనాటి జట్ల సగటు 2.92. నూటికి 64. నా గుండె ఝల్లుమనెను. కాలము నడుగుమన్నది ఆయనయే. అడిగితిని. కాలము ఆయనకు వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పినది.

కాగితము చేతబట్టుకొని పొరుగింటికి పోయి, ఉన్నదున్నట్లు చూపితిని. దాచుటకు మనసొప్పలేదు. ఆయన కోపగింపలేదు. అద్దములు పెట్టుకొని మెల్లగా చదివి, "ఈ 2.60 ఎవరి సగటు?" అని యడిగెను. "జట్లన్నింటిదియు" అంటిని. "అప్పుడు జట్లెన్ని?" అనెను. పట్టిక తిరిగి చూచితిని. ఆరు. బ్రొడూర్ నాడు ఇరువదియారు.

అప్పుడు నాకు వెలుగు కలిగెను. 1942 మొదలు 1967 వరకు ఆ పెద్ద పోటీలో నుండినవి ఆరే జట్లు. ఒక్కొక్క జట్టుకు సాధారణముగా ఒక్కడే గోలుకీపరు ఆటలన్నియు ఆడెడివాడు. 1951-52లో సాచుక్ డెబ్బది ఆటలును తానే ఆడెను. దేశమంతటి గోలుకీపర్లను జల్లించి పట్టిన ఆరుగురు వారు. అట్టి ఆరుగురి సగటు కంటె నూటికి 27 పాళ్లు మిన్నగా నుండుటకును, ఇరువదియారు జట్ల సగటు కంటె నూటికి 36 పాళ్లు మిన్నగా నుండుటకును తేడా లేదా? జిల్లాకు మొదటివారైన ఆరుగురి నడుమ మొదటివాడగుట ఒకటి, పెద్ద తరగతిలో మొదటివాడగుట మరియొకటి. నేను కాలమును కొలతగా తీసికొంటినేకాని, ఆ కొలబద్ద దేనితో చేయబడినదో చూడనైతిని.

మూడవ లెక్కకును, అనగా నూరు దెబ్బలలో ఎన్ని ఆపెనను దానికిని, ఇట్టి చిక్కులే కలవు. మొదటి సంగతి, 1950ల నడిమి వరకు ఆ దెబ్బల లెక్క క్రమముగా దొరకదు. కనుక హేన్స్‌వర్త్ నీ కొలతతో కొలువనే లేము. రెండవది, 1987-88లో ఎడ్మంటన్ జట్టు గోలుకీపరు గ్రాంట్ ఫ్యూర్ నూటికి 88 దెబ్బల నాపి, ఆటకు 3.43 గోలులిచ్చియు, ఆ యేటి ఉత్తమ గోలుకీపరుకు ఈయబడు వెజీనా బహుమానమును పొందెను. 2010ల నాటికి సామాన్యుడైన గోలుకీపరే నూటికి 91 ఆపుచుండెను. ఫ్యూర్ అంకెతో నీ కాలమున నెవ్వడైన వచ్చినచో వానిని జట్టునుండి తొలగింతురు.

ఐన ఫ్యూర్ అసమర్థుడా? కాడు. ఆనాటి ఆట కొట్టుట మీదనే ఎక్కువ మక్కువ గలది. అందు ఎడ్మంటన్ జట్టు మరీ యెక్కువ. వారందరు ముందుకు పరుగెత్తగా వెనుక ఫ్యూర్ ఒంటరిగా మిగిలెడివాడు. ఆ యేటి ఎనుబది ఆటలలో 75 వాడే కాచెను. తరువాతి వారికి తేలికయైన పెద్ద కవచములు దొరకినవి. పూర్వము వెండ్రుకలు దట్టించిన తోలు కాళ్లకవచములు నీరు పీల్చి ఆట చివరకు బరువెక్కెడివి. క్రొత్తవి నీరు పీల్చవు, వెడల్పును ఎక్కువ. ఎంత వెడల్పయ్యెననగా, 2005లో అధికారులే వానిని పన్నెండంగుళముల నుండి పదునొకండు అంగుళములకు తగ్గింపవలసి వచ్చెను. మోకాళ్లపై వ్రాలి, కాళ్లు రెండు ప్రక్కలకు చాచి, గోలు క్రిందిభాగమును మూసివేయు పద్ధతియు సర్వత్ర వ్యాపించెను. ఇందు మరియొక తమాషా. ఆట పుట్టిన తొలినాళ్లలో గోలుకీపరు నేలపై పడుటయే నేరము. 1918 జనవరిలో ఆ నిషేధము తొలగించిరి. ఒక తరమునకు నేరమైనది మరియొక తరమునకు విద్యయైనది.

ఆ వెజీనా బహుమానమునకే ఒక చరిత్ర కలదు. 1981 వరకు దానిని అందరికంటె తక్కువ గోలులిచ్చిన జట్టు గోలుకీపర్లకు ఈయుచుండిరి. అప్పటినుండి జట్ల నిర్వాహకులు ఓట్లువేసి, ఎవడు శ్రేష్ఠుడో నిర్ణయించుచున్నారు. అంకెలతో నిండిన ఆటను నడుపువారే, అంకె యొక్కటియే చాలదని యొప్పుకొనిరన్నమాట.

అంకెల కందని పనులు కొన్ని కలవు. బ్రొడూర్ గోలు విడిచి బయటకు వచ్చి, వెనుకగోడ చెంతకు పోయిన బిళ్లను తన కర్రతోనే తోటివారి కందించుటలో మహానేర్పరి. దానివలన తనపైకి రావలసిన దెబ్బలు రాకయే పోయెడివి. రాని దెబ్బను ఆపినట్లు ఏ పట్టికయు వ్రాయదు. 2005లో గోలుకీపరు గోలు వెనుక ఎంతమేర వరకు బిళ్లను తాకవచ్చునో గీతలు గీసి కట్టడిచేసినపుడు, ఆ నియమమునకు జనులు బ్రొడూర్ పేరే పెట్టిరి. పట్టిక వ్రాయని ప్రజ్ఞను నియమము వ్రాసినది.

వెనుకటివారి సంగతి యిక వినుడు. 1959 నవంబరు 1వ తేదీన న్యూయార్కులో జాక్ ప్లాంట్ అను మాంట్రియల్ గోలుకీపరు ముఖముపై బిళ్ల తగిలి గాయమయ్యెను. కుట్లు వేయించుకొని వచ్చి, ముఖమునకు ముసుగు పెట్టుకొననిదే తిరిగి ఆడనని పట్టుబట్టెను. ఆనాటినుండియే ముసుగు ఆటలో నిలిచినది. అంతకుముందు వారు దాదాపు అందరును వట్టి ముఖముతోనే ఆ బిళ్ల కెదురు నిలిచిరి. గ్లెన్ హాల్ అనునతడు 1955 మొదలు 1962 వరకు 502 ఆటలు వరుసగా, ఒక్కటియు తప్పక, ముసుగు లేకయే కాచెను. సాచుక్ ముసుగు ధరించినది 1962లో. అప్పటికి వాడు ఆడవలసినదానిలో ఎక్కువ భాగము ఆడివేసియుండెను. సగటు అను గడిలో ముసుగున్నవాని అంకెయు, లేనివాని అంకెయు ఒకే తీరున నుండును.

చివరకు మా వాదము ఎటు తేలినదని మీరడుగుదురు. సాచుక్ గొప్పవాడో, బ్రొడూర్ గొప్పవాడో నేను తేల్చలేదు. కాని తేల్చుటకు పూనుకొనువాడు అడుగవలసిన ప్రశ్నలు నేర్చుకొంటిని. ఎన్ని యని మాత్రమే కాదు, ఎన్నింటిలో నెన్ని యని అడుగవలెను. పిమ్మట, ఆనాటి నియమమేమి, తోటివారు ఎట్లు ఆడిరి అని అడుగవలెను. ఆపైన, ఆ తోటివారెవరు, ఎందరు అని అడుగవలెను. ఇన్నియు అడిగిన పిమ్మట, పట్టికలో వ్రాయనిదేమి యని కూడ అడుగవలెను. ఈ ప్రశ్నలు కొన్ని తావుల వెనుకటివారికి అనుకూలించును, కొన్ని తావుల నేటివారికి అనుకూలించును. తన పక్షమునకు అనుకూలించిన ప్రశ్నతో ఆగిపోవుటయే మనుష్యుని బలహీనత. నేను మొదట మనుమని పక్షమున ఆగితిని. తరువాత వృద్ధుని పక్షమున ఆగబోతిని. రెండును తప్పే.

నేను తిరిగి వచ్చుటకు రెండు దినములు ముందు ఆ వృద్ధుడు మా యింటికి వచ్చెను. మా మనుమడు తానుగానే, "తాతగారూ, ఆనాడు నేను తొందరపడితిని" అనెను. ఆయన నవ్వి, "నేనును తొందరపడితిని. బ్రొడూర్ ఆట నేను సరిగా చూడనే లేదు. చూడకయే తీర్పు చెప్పితిని" అనెను. పిమ్మట గడ్డము క్రిందనున్న యొక పాత మచ్చను వానికి చూపెను. చిన్ననాడు తానును ఊరి జట్టునకు ముసుగు లేక గోలు కాచితినని అంతవరకు ఆయన మాతో చెప్పియుండలేదు. మా మనుమడు చాలసేపు దానినే చూచుచు, "నొప్పి పుట్టినదా?" అని యడిగెను. నెలదినముల వాదములో వాడు ఆయనను అంకె గాక వేరొకటి యడుగుట అదియే మొదటిసారి.

మన రచ్చబండమీద ఈసారి వెనుకటివారికిని నేటివారికిని పోటీ పెట్టినపుడు, పెద్దలైన మీరు ఈ ముచ్చటను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందురని ఆశించుచు సెలవు గైకొనుచున్నాను.